రెండు పుట్ల బండి కాటా ఎక్కితే

నెల్లూరు జిల్లా ఆత్మకూరు, ఉదయగిరి వైపు పాత పికప్ చూడ్డానికి పోతే అమ్మేవాళ్లు ఎత్తుకునే మాట దాదాపు ఒకటే. "రెండు పుట్లు ఏసినా కుంగదన్నా, వెనక కమాన్లు ఎగస్ట్రా ఏయించుండాం." నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోల ధాన్యం. రెండు పుట్లంటే 1,700 కిలోలు. మన రోడ్ల మీద తిరిగే పికప్‌లలో పెద్ద రకానికి కంపెనీ చెప్పే మోత కూడా అటూ ఇటుగా అంతే. కాబట్టి అతను అబద్ధమాడుతున్నాడని అనలేం. షోరూము నుంచి వచ్చిన రోజున ఆ మాట నిజమే. ఆ తర్వాత బండి మీద ఎంత ఇనుము ఎక్కిందో అతనికీ తెలియదు, కొనేవాడూ అడగడు. ధర చెప్పేటప్పుడు మాత్రం బాడీకి ఇంతయింది, కమాన్లకు ఇంతయింది అని ఆ ఇనుమునూ కలుపుతాడు. నన్నడిగితే ఆ ఖర్చుల్లో చాలావరకు బండి ధరను తగ్గించాల్సినవే.

ఈ పక్క బండికి చేయించే మార్పులన్నీ సరుకును బట్టి వచ్చినవే. సోమశిల నీళ్లు పారే ఆత్మకూరు, సంగం వైపు ధాన్యం తోలతారు కాబట్టి తొట్టి అడుగున మందపాటి గరుకు రేకు వేయిస్తారు. వింజమూరు, దుత్తలూరు, ఉదయగిరి మెట్టలో పొగాకు ఉంది. కలిగిరి, డీసీపల్లి వేలం కేంద్రాలకు బేళ్లు తీసుకుపోవాలంటే పక్క తలుపులు ఎత్తు కావాలి. ఇక జీవాలు. పల్ల, జోడిపి, దొర అని మూడు రకాలుగా పేరుపడ్డ నెల్లూరు గొర్రె పుట్టిన నేల ఇది, సంతకు తోలే బండికి రెండో అంతస్తు కట్టించకపోతే గిట్టుబాటు కాదంటారు. నిమ్మకాయ బస్తాల బండికి క్యాబిన్ నెత్తిన క్యారియర్ ఉంటుంది. అందుకే బండిని చూడగానే అది ఇంతకుముందు ఏం మోసిందో చెప్పేయొచ్చు. ముందు అడగాల్సిందీ అదే. ధాన్యం మోసిన బండి అరుగుదల వేరు, పొగాకు మోసిన బండి అరుగుదల వేరు.

బండి దగ్గరికి పోకముందే నంబరు అడిగి తీసుకోండి. ఏపీ 26 అని ఉంటే నెల్లూరు జిల్లా రిజిస్ట్రేషన్, అదీ 2019కి ముందుది లేదా ఆ ఏడాది మొదట్లోది. ఆ తర్వాత జిల్లాతో పనిలేకుండా రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చింది. ఫోన్లో ఎంపరివాహన్ యాప్ తెరిచి నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, ఫిట్‌నెస్ గడువు, ఇన్సూరెన్సు గడువు, ఫైనాన్సు ఉందా లేదా అన్నవి కనిపిస్తాయి. సీ బుక్, అంటే రిజిస్ట్రేషన్ పుస్తకం, ఫొటో పంపమని అడగండి. పంపడానికి నసిగితే ఆ బండి కోసం పెట్రోలు పోసుకుని ఉదయగిరి దాకా పోవాల్సిన పనిలేదు.

సీ బుక్‌లో రెండు అంకెలు వెతకాలి. ఒకటి అన్‌లాడెన్ వెయిట్, అంటే ఖాళీ బండి బరువు. రెండోది గ్రాస్ వెహికల్ వెయిట్. మెకానిక్ షెడ్లలో జీవీడబ్ల్యూ అనేది దీన్నే. బండి, డ్రైవరు, క్లీనరు, డీజిలు, తొట్టిలో సరుకు, దాని మీద కప్పిన పట్టాతో సహా మొత్తం కలిపి దాటకూడని బరువు అది. మోత ఎంతన్నది పుస్తకంలో విడిగా రాసి ఉండదు, రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే వచ్చేదే మోత. రవాణా బండి కాబట్టి ముందు యాక్సిల్‌కు ఎంత, వెనక యాక్సిల్‌కు ఎంత అన్నవీ రిజిస్ట్రేషన్ వివరాల్లో ఉంటాయి. వాటిని ఎవరూ చదవరు. అసలు చిక్కు అక్కడే ఉంటుంది, మళ్లీ వస్తాను.

ఈ గ్రాస్ బరువును బట్టే చట్టంలో బండి జాతకం మారుతుంది. 3,000 కిలోలు దాటని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. కొన్ని పికప్‌లకు గ్రాస్ బరువును సరిగ్గా మూడు వేలకు పది కిలోలు తక్కువగా రాయించుకోవడం వెనక ఉన్నది ఈ లెక్కే. 3,500 దాకా ఉన్నవి ఎన్1 తరగతి. అందుకే పెద్ద పికప్‌ల పుస్తకంలో తరచుగా 3,490 అని కనిపిస్తుంది. లైసెన్సు సంగతికి వస్తే 7,500 కిలోల లోపు రవాణా బండిని ఎల్‌ఎంవీ లైసెన్సుతోనే నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. పికప్‌కు విడిగా బ్యాడ్జి కావాలా అని బేరం మధ్యలో తగువు పడనక్కర్లేదు.

ఇప్పుడు కాటా. బేరం మొదలుపెట్టకముందే బండిని దగ్గర్లోని వేబ్రిడ్జికి తీసుకుపోవాలి. నెల్లూరు–బద్వేలు రోడ్డు మీద పోయేవాళ్లకు కాటా దొరకడం కష్టమేమీ కాదు. అయ్యే ఖర్చు ఇద్దరి టీ, టిఫిన్లకు మించదు. అమ్మేవాడు "ఖాళీ బండికి కాటా ఏందబ్బా" అని నవ్వుతాడు, నవ్వనివ్వండి. తొట్టి ఊడ్పించి, తాళ్లు, పట్టా, పాత గోతాలు దించేసి, డీజిలు ట్యాంకు నింపించి, మనుషులందరూ దిగాక తూకం వేయించాలి. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండగా ఒక చీటీ, బండి మొత్తం మీద ఒక చీటీ, వెనక చక్రాలు మాత్రమే ఉండగా మూడో చీటీ తీసుకోవాలి. ముందు, వెనక బరువులు కలిపితే మొత్తానికి కాస్త అటూ ఇటుగా రావాలి. బాగా తేడా వస్తే కాటా పక్కనున్న నేల ఏటవాలుగా ఉందన్నమాట, ఇంకో కాటా చూసుకోండి.

లెక్క ఎలా ఉంటుందో ఒక బండిని ఊహించుకుని చూద్దాం. పుస్తకంలో గ్రాస్ 3,490, ఖాళీ బరువు 1,790. కాగితం మీద మోత 1,700, అంటే రెండు పుట్లు. కాటా చీటీలో ఖాళీ బరువు 2,060 వచ్చింది. 270 కిలోలు ఎక్కడినుంచి వచ్చాయంటే తొట్టి అడుగు చూడండి. మూడు మిల్లీమీటర్ల ఇనుప రేకు చదరపు మీటరుకు దాదాపు 23.5 కిలోలు తూగుతుంది. తొమ్మిది అడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు తొట్టి అంటే దాదాపు 4.6 చదరపు మీటర్లు. అడుగు రేకు ఒక్కటే 108 కిలోలు, గరుకు రేకైతే ఇంకొంచెం ఎక్కువ. ఎత్తు పెంచిన పక్క తలుపులు, క్యాబిన్ మీద క్యారియర్, ముందు బంపరు గార్డు, కమాన్లు కలిస్తే మిగతాది ఎటుపోతుంది? డ్రైవరు, పక్క మనిషి కలిసి 140 అనుకుందాం. 3,490లోంచి 2,060, 140 తీసేస్తే మిగిలింది 1,290. ఒకటిన్నర పుట్టి 1,275. రెండు పుట్ల బండి అని కొన్నది కాటా మీద ఒకటిన్నర పుట్టి బండిగా తేలింది. ఆ అర పుట్టి కిరాయి బండి ఉన్నన్నాళ్లూ ప్రతి ట్రిప్పులోనూ పోతుంది. బేరమాడాల్సింది ఈ చీటీ చేతిలో పెట్టుకునే.

"కమాన్లు ఎగస్ట్రా ఉండాయి గదా, ఇంకో అర పుట్టి ఏస్తే ఏమైద్ది?" అని అంటారు. కమాను పట్టీ పని బరువును స్ప్రింగులా పట్టుకోవడం. ఐదు పట్టీల కట్టకు అదే మందం, దాదాపు అదే పొడవున్న ఆరోది చేరిస్తే కట్ట దాదాపు ఐదో వంతు గట్టిపడుతుంది. బండి వెనక కుంగదు, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ బరువు కమాను దగ్గర ఆగదు. కింద యాక్సిల్ హౌసింగ్, హబ్ బేరింగులు, వీల్ బోల్టులు, డిస్కు, టైరు, పైన ఛాసిస్, వీటన్నిటి గుండా పోయి నేలకు చేరుతుంది. వాటిలో ఒక్కటీ మారలేదు. గ్రాస్ బరువును కంపెనీ నిర్ణయించేది గొలుసులోని బలహీనమైన లంకెను చూసి. కట్టలో ఒక పట్టీ కలిపినంత మాత్రాన ఆ లంకె మారదు. కుంగని బండిలో ఎక్కువ వేశామని కంటికి తెలియదు కాబట్టి పట్టీ లేని బండి కన్నా పట్టీ వేసిన బండి మీదే ఎక్కువ బరువు ఎక్కుతుంది.

దీంట్లో ఇంకో కిటుకుంది, షెడ్లలో కూడా అందరూ చెప్పరు. కొన్ని పికప్‌లలో వెనక బ్రేకుకు పోయే ఆయిలు ఒత్తిడిని సరిచేసే వాల్వు ఒకటి ఉంటుంది. ఒక సన్నటి కడ్డీతో వెనక యాక్సిల్‌కు తగిలించి ఉంటుంది. తొట్టి కుంగితే బరువుందని గ్రహించి వెనక బ్రేకుకు ఒత్తిడి పెంచుతుంది, లేస్తే తగ్గిస్తుంది. కమాన్లు వేసి వెనక ఎత్తు లేపితే, నిండు బరువున్నా ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుంటుంది. వెనక బ్రేకు సగం పని మానేస్తుంది, భారమంతా ముందు డిస్కుల మీద పడుతుంది. చదును రోడ్డు మీద ఇది తెలియదు. మర్రిపాడు దాటి బద్వేలు వైపు వెలికొండలు ఎక్కి దిగే చోట తెలుస్తుంది, ముందు చక్రాల దగ్గర కాలిన వాసన వచ్చాక. కాబట్టి బండి కిందికి దూరి ఆ కడ్డీ ఉందో లేదో, వంచారో, తీగతో కట్టేశారో చూడండి. తీగతో కట్టేసి ఉంటే ఆ బండి బ్రేకు పని చేసినవాడి చేతిలో మిగతా పనులు ఎలా జరిగి ఉంటాయో ఊహించుకోవచ్చు.

బండి కింద ఉండగానే మిగతావీ చూసేయాలి. ఛాసిస్ మీద కమాను కొక్కేలు బిగించిన చోట వెల్డింగు మచ్చలున్నాయా? పగులును అతికించి రంగు కొట్టారా? యూ బోల్టులు కొత్తవైతే కట్ట ఎప్పుడు విప్పారో అడగండి. హౌసింగ్ వంగి ఉంటే వెనక టైర్లు లోపలి అంచున అరుగుతాయి, రెండు టైర్లకూ చెయ్యి పెట్టి తడిమి చూస్తే తెలుస్తుంది. తొట్టిని వెనక్కి పొడిగించి ఉంటే టేపు పెట్టి కొలవండి. వెనక యాక్సిల్ నుంచి తోక దాకా ఉండే పొడవు, రెండు యాక్సిళ్ల మధ్య దూరంలో 60 శాతం మించకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 93వది చెబుతుంది.

పొడిగింపు ఎందుకు ప్రమాదమో యాక్సిల్ లెక్క చెబుతుంది. పైన అనుకున్న బండికే ముందు చీటీ 1,020, వెనక చీటీ 1,040 అనుకుందాం. వెనక యాక్సిల్‌కు పుస్తకంలో ఉన్న హద్దు 2,300. యాక్సిళ్ల మధ్య మూడు మీటర్లు. 1,290 కిలోల సరుకు మధ్యభాగం వెనక యాక్సిల్‌కు ముప్పై సెంటీమీటర్లు ముందుకు ఉంటే, సరుకులో 90 శాతం వెనక యాక్సిల్ మీద పడుతుంది. 1,161కి 1,040 కలిపితే 2,201, ఫరవాలేదు. మధ్యభాగం సరిగ్గా యాక్సిల్ మీదే ఉంటే 2,330, హద్దు దాటింది. తొట్టి పొడిగించి మధ్యభాగాన్ని ముప్పై సెంటీమీటర్లు వెనక్కి జరిపితే వెనక యాక్సిల్ మీద 2,459 పడుతుంది, పైగా ముందు చక్రాల మీది బరువులో 129 కిలోలు తగ్గిపోతుంది. స్టీరింగు తేలికైంది, బండి భలే తిరుగుతోంది అని అనిపిస్తుంది. ముందు టైర్లు రోడ్డును వదులుతున్నాయని దాని అర్థం. మూడు సందర్భాల్లోనూ మొత్తం బరువు ఒక్కటే, గ్రాస్ హద్దు ఎక్కడా దాటలేదు.

అమెరికాలో పికప్ కొన్న మనవాళ్లెవరినైనా అడిగితే డ్రైవరు తలుపు తీయగానే అంచున ఒక స్టిక్కరు ఉంటుందని చెబుతారు. మొత్తం ఎంత, ముందు యాక్సిల్‌కు ఎంత, వెనక యాక్సిల్‌కు ఎంత అన్నది అక్కడ చట్టప్రకారం దాని మీద ఉండాల్సిందే. మన బండ్లకు తలుపు మీద చూసుకునే అలవాటు లేదు, సీ బుక్ తెరవాలి.

టైర్ల దగ్గర అంకెలు చదవడం నేర్చుకుంటే చాలు. సైజు పక్కనే రెండు మూడంకెల సంఖ్య ఉంటుంది. 104 అంటే ఒక టైరు 900 కిలోలు మోస్తుంది, 106 అంటే 950, 109 అంటే 1,030, 113 అంటే 1,150. వెనక యాక్సిల్‌కు 2,300 ఉన్న బండికి రెండు టైర్లూ 113కు తగ్గకూడదు. షోకు కోసం కారు అలాయ్ చక్రాలు, వెడల్పు టైర్లు వేసిన బండిలో 104 కనిపించిందా, రెండు కలిపి 1,800 మాత్రమే. అదీ ఆ బరువుకు చెప్పినంత గాలి నిండుగా ఉన్నప్పుడు. గుండ్రటి గీతలో నాలుగు అంకెలుంటే మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. గుబ్బలు బాగున్నా ఎండలో ఆరేడేళ్లు ఉన్న టైరును నేను లెక్కలోకి తీసుకోను.

ఇంజను గురించి చెప్పేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు కాబట్టి క్లుప్తంగా కానిస్తాను. పొద్దున్నే, చెప్పిన టైముకన్నా ముందు పోండి. బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంటే అప్పటికే స్టార్టు చేసి పెట్టారన్నమాట. ఆయిలు మూత తీసి ఇంజను నడిపితే పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తే బోరు అరిగింది. నీలిపొగ ఆయిలు కాలడం, నల్లపొగ డీజిలు ఎక్కువ పడడమో గాలి తక్కువవడమో. ఈ తరగతిలో ఎక్కువగా కనిపించే మహీంద్రా 2,523 సీసీ ఇంజనుకు పాత పంపు రకం, కొత్త కామన్‌రైల్ రకం రెండూ ఉన్నాయి. పంపు రకాన్ని ఉదయగిరిలోనే విప్పి బిగించేస్తారు, కామన్‌రైల్ ఇంజెక్టర్లు పోతే ఖర్చు కాస్త గట్టిగా తగులుతుంది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్–6 బండైతే ఈజీఆర్ మూసేశారా, సైలెన్సరు దగ్గరి ఫిల్టరు పీకేశారా, కంప్యూటరులో మ్యాపింగు మార్చి పవరు పెంచారా అని అడగాలి. పవరు పెరిగితే మోత పెరగదు. క్లచ్చి, జాయింటు, క్రౌను అదే పాతవి.

చట్టం మాటకొస్తే, 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషనులో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసు ఒకదానిలో ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో ఆరు నెలల దాకా జైలు గానీ, మార్పు ఒక్కోదానికి ఐదు వేల జరిమానా గానీ, రెండూ గానీ యజమానికి పడొచ్చు. ఆ యజమాని ఇక మీరే. అధిక బరువుకు 20,000, అదనంగా ప్రతి టన్నుకు 2,000, పైగా ఎక్కువైన సరుకు అక్కడే దించాల్సిన ఖర్చు. సరుకు పక్కలకో, వెనక్కో, ఎత్తుకో హద్దు దాటి పొడుచుకొచ్చినా 20,000. క్యాబ్, ఛాసిస్ మాత్రమే కొని బాడీ కట్టించాక రిజిస్టరు చేయించిన బండ్ల సంగతి వేరు, వాటి ఖాళీ బరువులో ఆ బాడీ కలిసే ఉంటుంది. అందుకే కాటా చీటీ, పుస్తకం పక్కపక్కన పెట్టి చూడమనేది.

జీవాల కోసం కొనేవాళ్లకు ఒక మాట. గొర్రెకు, మేకకు తలకు 0.3 చదరపు మీటరు జాగా ఉండాలని నిబంధన 125–ఇ. మనం లెక్కేసిన 4.6 చదరపు మీటర్ల తొట్టిలో పదిహేను పడతాయి. తలకు 35 కిలోల చొప్పున 525 కిలోలు. బరువుకు ఢోకా లేదు, జాగాకే హద్దు. రెండో అంతస్తు వేస్తే బరువు అప్పటికీ హద్దు లోపే, కానీ సగం బరువు మనిషి నెత్తి ఎత్తులోకి పోతుంది, అదీ కాళ్ల మీద నిలబడి మలుపులో ఒక పక్కకు ఒరిగే బరువు. పొగాకు కోతలప్పుడు కూలీలను తొట్టిలో ఎక్కించేవాళ్లూ ఉన్నారు. సరుకు బండిలో అలా ఎక్కించుకున్న మనుషులకు ఇన్సూరెన్సు వర్తించదన్న సంగతి ప్రమాదం జరిగాకే చాలామందికి తెలుస్తోంది.

బేరం కుదిరితే ముందు తేల్చుకోవాల్సింది ఏ మార్పు ఉంచుకోవాలి, ఏది పీకేయాలి అని. కమాను పట్టీ, క్యారియర్, గార్డు తీసేయడం ఒక పూట పని. ఆ పని అమ్మేవాడి ఖర్చుతో, అతని షెడ్డులోనే చేయించి మళ్లీ కాటా ఎక్కించండి. తొట్టి రేకు, పొడిగింపు పీకడం పెద్ద పని. దానికి ధర తగ్గించకపోతే వదిలేసి ఇంకో బండి చూసుకోవడమే మేలు, పికప్‌లకు కరువేమీ లేదు. తర్వాత ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది తీసిన అచ్చును సీ బుక్‌తో సరిపోల్చండి. ఫైనాన్సు ఉంటే కంపెనీ ఇచ్చే క్లియరెన్సు, ఫారం 35 చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. పక్క రాష్ట్రం బండైతే అక్కడి కార్యాలయం ఇచ్చే ఎన్‌వోసీ, ఫారం 28 కావాలి. ఏడేళ్లు దాటిన బండికి మన రాష్ట్రంలో గ్రీన్ టాక్స్ బాకీ ఉందేమో, ఎనిమిదేళ్లు దాటితే ఏటేటా ఫిట్‌నెస్ చేయించాలని గుర్తుంచుకుని గడువు ఎప్పుడో చూడండి.

పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించి బీరువాలో పెట్టుకునే పద్ధతి ఈ వైపు బాగా ఉంది, తర్వాత ఇంకొకరికి అమ్మేస్తే మార్పిడి ఖర్చు మిగులుతుందని. పేరు మారనంతకాలం ప్రమాదమైతే బాధ్యత పుస్తకంలో పేరున్నవాడిదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. కాబట్టి పేరు మార్చమని మీకన్నా అమ్మేవాడే తొందరపెట్టాలి. రాష్ట్రంలోపలి బండికి అతను 14 రోజుల్లో, మీరు 30 రోజుల్లో తెలియజేయాలి. ఇన్సూరెన్సు కంపెనీకి 14 రోజుల్లోపే రాయండి. రాసేటప్పుడు తొట్టి కొలతలు, రెండోసారి తీసిన కాటా చీటీ నకలు జతచేసి, అందినట్టు రసీదు తీసుకోండి.